పర్లాకిమిడిలో యాప్ పచ్చచుక్కను నమ్మకండి

ఫోన్‌లో ఛార్జింగ్ యాప్ పచ్చచుక్క పెట్టి చూపిస్తున్న ఛార్జరు పాడైందని బంకు కుర్రాడికి తెలుసు, దాన్ని పెట్టిన కంపెనీకే తెలియదు. "దీపావళి కాడి నుంచీ అలాగే ఉంది బాబూ. మీలాగే వచ్చి చూసి పోతారు" అన్నాడు. మా కరెంటు కారు నెక్సాన్‌లో అప్పటికి 17 శాతం ఛార్జింగ్ మిగిలింది.

విశాఖ నుంచి శ్రీముఖలింగం మీదుగా పాతపట్నం దాకా హాయిగా వచ్చాం. పాతపట్నం దాటగానే ఒడిశా, ఆ వెంటనే పర్లాకిమిడి. భాష మాత్రం మారదు, బజారులో తెలుగులోనే బేరమాడొచ్చు.

కుర్రాడు చెప్పినా, స్క్రీన్ వెలుగుతోంది కదా అని ఛార్జింగ్ గన్ను కారుకు పెట్టాను. యూనిట్ 21 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. ముందు వాలెట్‌లో 500 వేయమంది, వేశాను. అర నిమిషం గుయ్‌మని ఆగిపోయింది. కస్టమర్ కేర్ వాళ్లు హిందీలో "కారు ఆఫ్ చేసి ఆన్ చేయండి" అన్నారు. డబ్బు ఏడు పని దినాల్లో వెనక్కి వస్తుందట. మా ఆవిడ మాట్లాడటం మానేసింది. మావయ్యగారు మాత్రం బంకు నీడలో కూర్చుని గిడుగు రామమూర్తిగారి కథ ఎత్తుకున్నారు: ఆయన ఇక్కడే పాఠాలు చెప్పారు, సవరల భాష నేర్చుకుని నిఘంటువు రాశారు, 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసిందని అలిగి రాజమండ్రి వెళ్లిపోయారు. మేమూ వెళ్లిపోదామంటే బండి కదలాలి కదా.

లాడ్జిలో గది 1,400. ఏసీ ప్లగ్గు నుంచి కారుకు కరెంటు తీసుకోమని మేనేజరు పెద్ద మనసు చేసుకున్నాడు. కేబుల్ పెట్టగానే ఎర్రలైటు. ఎర్తింగ్ లేదు. ఎర్త్ సరిగ్గా లేకపోతే కారు ఛార్జింగ్ తీసుకోదు, అది ప్రాణరక్షణ కోసమే. "ఏసీ చల్లగా నడుస్తోంది కదండీ, కరెంటుకేం?" అని ఆయన వాదన. అంతసేపు వాదించినా గది అద్దెలో పది రూపాయలు కూడా తగ్గించలేదు.

దారి చూపించింది బ్యాటరీ ఆటో నడిపే ఒకాయన. బజారు వెనక రేకుల షెడ్డులో రాత్రిపూట ఆటోలు ఛార్జింగ్ పెడతారు. వాటివి 12 వోల్టుల బ్యాటరీలు నాలుగు, మాకంటే చాలా చిన్నవి. అయినా ఆ షెడ్డు ఓనరు ప్రతి ప్లగ్గుకూ పదిహేను ఆంపుల సాకెట్టు, మందపాటి వైరు, నేలలో ఉప్పు, బొగ్గు వేసి పాతిన ఎర్త్ గొయ్యి పెట్టించాడు. పచ్చలైటు వెలిగింది! గంటకు మూడు యూనిట్ల లెక్కన, రాత్రి ఏడున్నరకు పెడితే తెల్లారి ఐదున్నరకు నిండింది. రాత్రికి 300 తీసుకున్నాడు. బంకు రేటుకు పట్టే డబ్బులో సగం కూడా కాదు. పొద్దున్న టీ డబ్బు కూడా తీసుకోలేదు. మా ఆవిడ నోరు విప్పింది: "లాడ్జి కట్టేవాళ్లను ముందు ఇక్కడికి పంపాలి."

ఒడిశాలోని చంద్రగిరి వైపు వెళ్లేవాళ్లు, అంటే జిరంగ్‌లో 2010లో దలైలామా ప్రారంభించిన బౌద్ధ విహారం చూడాలనుకునేవాళ్లు, ఇక్కడే వంద శాతం చేసుకోండి. ఎక్కేటప్పుడు ఘాట్ బాగా తాగేస్తుంది, దిగేటప్పుడు రీజెన్‌తో, అంటే వేగం తగ్గేటప్పుడు మోటారు పుట్టించే కరెంటుతో, కొంత తిరిగొస్తుంది. మేం వెనక్కి చేరేసరికి 12 శాతం ఉంది. యాప్‌లో చుక్క రంగు కాదు, అక్కడ చివరిసారి ఎవరు ఎప్పుడు ఛార్జింగ్ చేశారో చూడండి. అదీ లేకపోతే బంకుకు ఫోన్ చేసి, మేనేజర్ని కాదు, పెట్రోలు కొట్టే కుర్రాడిని అడగండి.