రోకలిబండ ఏడో ఖండితం చూపించిన మైక్రోస్కోపు

"పిల్లల ప్రాజెక్టుకా మేడమ్?" అన్నాడు షాపు కుర్రాడు, నా తెలుగు వినగానే తెలుగులోకి మారి. "కాదు నాయనా, రోకలిబండలకి, బోలెడు కాళ్లుండే పురుగులకి" అని బ్యాగులోంచి సీసా తీశాను. కౌంటర్ వెనక అరడుగు జరిగాడు.

బెంగళూరులో చిక్‌పేట మెట్రో దిగి, సందుల్లో ఇద్దరిని అడిగితే దొరికింది ఆ ల్యాబ్ సామాన్ల కొట్టు. కొన్నది స్టీరియో మైక్రోస్కోపు. 20 రెట్లు, 40 రెట్లు రెండే పవర్లు, పైనా కిందా ఎల్‌ఈడీ లైట్లు. బేరమాడితే 11,800కి ఇచ్చారు. అనంతపురంలో ఇరవయ్యారేళ్లు జువాలజీ చెప్పాను. సహస్రపాదికి, అంటే రోకలిబండకి, ఒక్కో ఖండితానికి (ఒంటి మీది ఒక్కో కట్టుకి) రెండు జతల కాళ్లని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో. మొదటి నాలుగింటికీ ఆ లెక్క లేదని, ఒకదానికి అసలు కాళ్లే ఉండవని కళ్లారా చూసింది మాత్రం ఈ వానాకాలమే, బనశంకరిలో మా అబ్బాయి వాళ్ల డైనింగ్ టేబుల్ మీద.

మంచి సంగతి ముందు. 20 రెట్లలో బొమ్మ అద్దంలా ఉంది. బాల్కనీ కుండీ కింద దొరికిన, వీపు బల్లపరుపుగా ఉండే చిన్న రకం పెట్టి చూశాను. పక్కలకి రెక్కల్లా పొడుచుకొచ్చిన అంచుల్లో విషగ్రంథుల రంధ్రాలు కనిపించాయి: ఖండితాల లెక్కలో 5, 7, 9, 10, 12, 13, తర్వాత 15 నుంచి 19 దాకా వరసగా. ఈ గుంపులో చాలావాటికి ఇదే లెక్క. ఆ రంధ్రాల్లోంచి వచ్చేదానికి బాదం వాసన. అందులో కొంచెం సైనైడ్ కూడా ఉంటుంది లెండి. మా కోడలు వంటింట్లోంచి "బాదంపాలు కాచారా అత్తయ్యా?" అని అడిగింది. ఆ తర్వాత మైక్రోస్కోపు బాల్కనీకి వెళ్లిపోయింది.

అసలు పరీక్ష ఏడో ఖండితం. మగదానికి అక్కడ మొదటి జత కాళ్లు కాళ్లుగా ఉండవు, జత కట్టడానికి పనికొచ్చే కొక్కేల్లా మారతాయి. గోనోపాడ్ అంటారు. కొత్త జాతి అని రాసేవాళ్లు రంగు, పొడవు కూడా చెప్తారు కానీ, ఎక్కువగా తేల్చేది ఈ కొక్కెం ఆకారమే. అందుకే ఆడవి ఎన్ని దొరికినా చాలాసార్లు పేరు పెట్టలేరు. అదే అమెరికాలో సెకోయా నేషనల్ పార్క్ గుహలో 2006లో ఒక్క మగది దొరికితే, దాన్ని పట్టుకునే 2016లో కొత్త జాతిని ప్రకటించారు. రెండు సెంటీమీటర్ల ప్రాణి, 414 కాళ్లు. పదేళ్లు పట్టిందని నవ్వుకున్నాను గానీ, నేను ఒక్కదాని ఖండితాలు లెక్కపెట్టడానికే మూడు సాయంత్రాలు పట్టింది.

ఎందుకంటే నాకు పంతొమ్మిదే వచ్చాయి. ఈ రకానికి మామూలుగా ఇరవై ఉండాలి. గుండె దడదడలాడింది, అబ్బాయిని నిద్రలేపి మరీ చూపించాను. తెల్లారి తీరిగ్గా చూస్తే ఏడో ఖండితం కింద కొక్కేలకి బదులు రెండు చిన్న బుడిపెలు. ఇంకొక్కసారి కుబుసం విడిచి ఇరవయ్యోది తెచ్చుకోవాల్సిన మగపిల్ల అది! "కొత్త జాతి కాదా అమ్మా?" అన్నాడు వాడు. పాఠం చెప్పినదాన్ని నేనే తప్పాను. బుడిపెల్ని చూపించినందుకు మైక్రోస్కోపుకి మార్కులు వేయాలి.

ఇక తిట్లు. ఫోకస్ మర జారిపోతుంది. గురి కుదిరి, పెన్సిల్ అందుకునేలోపు బొమ్మ మసక. షాపుకి మోసుకెళ్తే రెండు నిమిషాల్లో బిగించి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. వారానికి మళ్లీ జారింది. ఎడమ కంటి గొట్టం ఒకలా, కుడిది ఒకలా ఉండి తలనొప్పి కూడా. 40 రెట్లలో పెద్ద మగవాటి కొక్కెం ఉందని తెలుస్తుంది, వంపు ఎటో తెలుస్తుంది. కొసన ఉన్న పళ్లు మాత్రం తెలియవు. వాటిని గీయాలంటే వేరే మైక్రోస్కోపు కావాలి. ఫొటోలైతే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీస్తారు, అది మన చేతిలో లేదు.

ఒక చిట్కా: స్పిరిట్‌లో ప్రాణి బోర్లా పడుతూనే ఉంటుంది. గిన్నెలో కొంచెం శానిటైజర్ జెల్ వేసి అందులో గుచ్చితే ఎటు తిప్పినా అలాగే నిలబడుతుంది. కరోనా నాటి సీసాలు మా ఇంట్లో ఇంకా మూడున్నాయి.

అయిదుకి మూడున్నర. కొనేవాళ్లు సొంత సీసా పట్టుకెళ్లి, ఏడో ఖండితం అక్కడే చూసి, పది నిమిషాలు ఆగి మర జారుతుందేమో గమనించి డబ్బివ్వండి. ఆ కుర్రాడు ఈసారి వెనక్కి జరగడు. రెండోసారి వెళ్లినప్పుడు తనే కన్ను పెట్టి, "అది కాలా మేడమ్, కొక్కెమా?" అని అడిగాడు.