పెర్ఫ్యూముల కోసం కొన్న చిన్న కూలర్: కొన్ని వేసవుల తర్వాత

పెర్ఫ్యూము సీసాలను లోపల పెట్టి చల్లగా ఉంచుకునే ఈ కరెంటు పెట్టెను కొన్న కొత్తలో నేను తెలిసినవారందరికీ సిఫారసు చేశాను. ఇప్పటికీ వద్దని చెప్పను గానీ, దాని వెనకవైపు ఉండే చిన్న ఫ్యాను సంగతి చెప్పకుండా కొనమని మాత్రం అనలేను.

విజయవాడలో మాది పై అంతస్తు ఇల్లు. మే నెలలో రాత్రి పొద్దుపోయాక కూడా బీరువా తలుపు వెచ్చగానే ఉంటుంది. ఫ్రాన్సులోని వెర్సాయ్‌లో ఓస్మోతెక్ అనే సంస్థ పాత పరిమళాలను చీకటిలో, 12 డిగ్రీల వద్ద, సీసాల్లో ఆర్గాన్ వాయువు నింపి భద్రపరుస్తుంది. ఆర్గాన్ మన ఇళ్లలో కుదరదు. చీకటి, చల్లదనం కుదురుతాయి. ఆ రెండింటినీ ఈ పెట్టె బాగానే ఇచ్చింది, అయితే గదిలో వేడి పెరిగేకొద్దీ లోపలి డిగ్రీలూ పెరుగుతాయి.

గత వేసవిలో మేము ఊళ్లో లేనప్పుడు ఆ ఫ్యాను ఆగిపోయింది. ఇందులో కంప్రెసర్ ఉండదు. పెల్టియర్ పలక లోపలి వేడిని లాగి వెనక్కి నెడితే, దాన్ని బయటికి ఊదేయడం ఫ్యాను పని. ఫ్యాను నిలిచినా పలకకు కరెంటు అందుతూనే ఉండడంతో, పోగైన వేడి ఆ పలక గుండానే లోపలికి మళ్లింది. మేము వచ్చి తలుపు తీసేసరికి లోపల గదిలోకన్నా వేడిగా ఉంది. ఇంత ఖరీదైన వస్తువులో, వేడెక్కితే పలకకు కరెంటు ఆపే ఏర్పాటు ఒక్కటి పెట్టకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది.

ఎక్కువగా దెబ్బతిన్నవి నిమ్మ, బెర్గమాట్ కొలోన్లు. నిమ్మజాతి నూనెల్లోని లిమొనీన్ ఆక్సిజన్‌తో కలిసి మారిపోతుంది, వేడి ఆ మార్పును తొందరపెడుతుంది; చల్లుకోగానే రావలసిన తాజాదనానికి బదులు టర్పెంటైన్ లాంటి ఘాటు వచ్చింది. వెనిలా ఉన్న సీసాలో రంగు ముదిరింది తప్ప వాసన మారలేదు. కన్నౌజ్ నుంచి తెప్పించుకున్న, గంధపు నూనెలోకి దించిన గులాబీ అత్తరుకూ మట్టి అత్తరుకూ ఏమీ కాలేదు. వాటిని ఇప్పుడు బీరువా కింది అరలోనే ఉంచుతున్నాను.

పగలంతా ఏసీ నడిచే ఇంటికి ఈ పెట్టె అక్కర లేదు. అత్తర్లే ఎక్కువగా ఉన్నవారికీ అంతే. మా ఇంటి వేడికి, నా దగ్గరున్న కొలోన్లకు మాత్రం ఇది కావాలి కనుక ఫ్యాను మార్పించి వాడుకుంటున్నాను. ఊరికి వెళ్లవలసి వస్తే ప్లగ్గు తీసేసి, ఆ సీసాలను మూతలు బిగించి, మామూలు ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టి వెళ్తున్నాను.