ఉచిత రీసెర్చ్ టూల్ చూపిన అంకెను నమ్మి సరుకు తెప్పించబోతున్నారా? ముందు ఇది చదవండి

నిన్న రాత్రి నాకు తెలిసిన ఒక తమ్ముడు స్క్రీన్‌షాట్ పంపాడు. "అన్నా, నేను అమ్ముదామనుకున్న వస్తువును నెలకు 22,200 మంది వెతుకుతున్నారట, పోటీ కూడా తక్కువని చూపిస్తోంది. ఆర్డర్ పెట్టెయ్యనా?" అని అడిగాడు. అది చూడగానే నా గుండె ఝల్లుమంది. ఏడాదిన్నర కిందట నేను చూసి మురిసిపోయిన తెర కూడా అచ్చం అలాగే ఉండేది. అదే పట్టిక, అదే పచ్చరంగు, అదే "పోటీ తక్కువ". ఫోన్‌లో వాడికి చెప్పగలిగినంత చెప్పాను. కానీ ఇలాంటి తెర ముందు ఇంకెంతమంది కూర్చుని ఉన్నారో అనిపించి ఇక్కడ రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలుపెట్టబోయేవాళ్ళు, ఏం అమ్మాలో తేల్చుకోడానికి ఉచిత టూల్స్ వాడుతున్నవాళ్ళు దయచేసి చివరిదాకా చదవండి.

నేను మడతపెట్టే లాప్‌టాప్ స్టాండ్లు అమ్ముదామనుకున్నాను. బ్రౌజర్‌లో ఒక ఉచిత ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, వేసుకున్నాను. దాని పేరు రాయను. ఒక్కదాని పేరు రాస్తే మిగతావన్నీ మంచివే అనుకునే ప్రమాదం ఉంది, ఇదే పద్ధతిలో నడిచేవి చాలా ఉన్నాయి. అమెజాన్‌లో ఏదైనా వెతికితే చాలు, పక్కనే పట్టిక తెరుచుకునేది. ఏ లిస్టింగ్ (అమ్మకానికి పెట్టిన వస్తువు పేజీ) నెలకు ఎన్ని అమ్ముతోంది, పోటీ ఎంత, అవకాశం పదికి ఎంత అన్నీ అందులో ఉండేవి. నా కన్ను పడిన స్టాండ్ నెలకు 1,900 అమ్ముడవుతోందని, అవకాశం పదికి ఎనిమిదని చూపించింది. వారం పాటు రోజూ తెరిచి చూశాను. రోజూ అటూ ఇటుగా అదే అంకె. 300 స్టాండ్లు తెప్పించాను. నాలుగు నెలల్లో 41 పోయాయి.

సరుకులో లోపం లేదు. కొన్నవాళ్ళు మంచి రేటింగే ఇచ్చారు. తేడా అంతా ఆ 1,900లోనే ఉంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో సరుకు తెప్పించాక గానీ నేను వెతకలేదు.

ఎవరి లిస్టింగ్ ఎన్ని అమ్ముడయిందో అమెజాన్ ఇలాంటి బయటి ఎక్స్‌టెన్షన్లకు ఇవ్వదు. అందరికీ కనబడేది బెస్ట్ సెల్లర్స్ ర్యాంకు, అంటే అమ్మకాల్లో ఆ వస్తువు తన కేటగిరీలో ఎన్నో స్థానంలో ఉందన్నది. టూల్ ఆ ర్యాంకును చూసి, ఈ కేటగిరీలో ఈ స్థానంలో ఉన్న వస్తువు సుమారు ఇన్ని పోతుందని లెక్కగట్టి వేస్తుంది. అంటే అది అంచనా. తెర మీద మాత్రం లెక్కపెట్టి రాసినట్టే కనిపిస్తుంది. పైగా ర్యాంకు గంటల్లో మారుతూ ఉంటుంది, ఈమధ్య జరిగిన అమ్మకాలను బట్టి ఎగురుతుంది, పడుతుంది. నేను చూసిన వారంలో ఆ అమ్మకందారు పెద్ద కూపన్ పెట్టి ఉన్నాడు. లిస్టింగ్‌లో కూపన్ గుర్తు కళ్ళెదుటే ఉన్నా దానికీ ర్యాంకుకూ సంబంధం ఉందని నాకు తట్టలేదు. కూపన్ తీసేశాక ర్యాంకు దిగిపోయింది. టూల్ చూపిన అంకె కూడా దానితోపాటే దిగింది, కానీ అప్పటికి నా పెట్టెలు దారిలో ఉన్నాయి.

రంగుల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే ఇది ఎవరూ చెప్పరు. ఆ స్టాండ్‌కు నలుపు, వెండి, బూడిద, గులాబి రంగులున్నాయి. పట్టికలో నాలుగు వరుసలు, నాలుగింట్లోనూ దాదాపు ఒకే అంకె. నాలుగు రంగులూ సమానంగా పోతున్నాయంటే గిరాకీ ఎంతుందో చూడు అనుకున్నాను. అసలు జరిగింది వేరు. ఒకే లిస్టింగ్ కింద ఉన్న రంగులకూ సైజులకూ ర్యాంకు ఉమ్మడిగా ఉండవచ్చు. టూల్ ఆ ఒక్క ర్యాంకునే తీసుకుని నాలుగు వరుసల్లోనూ వేసింది. కింద "మార్కెట్ మొత్తం" అని నాలుగూ కూడి చూపించింది. అంటే ఒకే అమ్మకం నాలుగుసార్లు లెక్కకొచ్చింది. మీ పట్టికలో పక్కపక్క వరుసల్లో ఒకే అంకె కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

ఇంత లోతుకు పోకుండానే నన్ను ఆపగలిగినది ఒకటి ఆ పేజీలోనే ఉంది. గత నెలలో ఎంతమంది కొన్నారో కొన్ని లిస్టింగుల్లో అమెజానే చిన్న అక్షరాల్లో చూపిస్తుంది. నేను తర్వాత వెళ్ళి చూస్తే ఆ లిస్టింగ్‌లో 200కు పైగా అని ఉంది. అది కచ్చితమైన లెక్క కాదు, కనీసం ఇన్ని అన్న హద్దు మాత్రమే. అయినా అమెజానే చెబుతున్న మాట. 1,900కూ దానికీ మధ్య అంత దూరం ఉంటే నేను ఒక్క ప్రశ్నైనా వేసుకోవాల్సింది.

ఇక వెతుకులాట అంకెల దగ్గరికి వద్దాం. తమ్ముడు పంపిన 22,200 గురించి. ఈ అంకెను చూడగానే తెలిసినవాళ్ళు గుర్తుపడతారు. ప్రకటనలు వేసేవాళ్ళ కోసం గూగుల్ ఇచ్చే కీవర్డ్ ప్లానర్ అనే టూల్ నెలసరి వెతుకులాటలను విడివిడిగా లెక్కించి ఇవ్వదు, మెట్లుగా సర్ది ఇస్తుంది. 12,100, 14,800, 18,100, 22,200, 27,100 ఇవన్నీ ఆ మెట్లే. చాలా టూల్స్ చూపే సెర్చ్ వాల్యూమ్‌కు, అంటే నెలకు ఎన్నిసార్లు వెతికారన్న అంకెకు, మూలం అదే. కాబట్టి 18,100 నుంచి 22,200కు ఎక్కిందంటే నాలుగు వేలమంది కొత్తగా వచ్చారని కాదు, కొద్దిపాటి తేడాకే మెట్టు మారి ఉండవచ్చు. పైగా దగ్గరి మాటలన్నిటినీ ప్లానర్ ఒకే గుంపుగా చూసి ఒకే అంకె ఇస్తుంది. నేను ఏకవచనం, బహువచనం, పదాలు అటూ ఇటూ మార్చిన రూపం, మూడింటికీ 22,200 చూసి కూడేశాను. 66,600 అని కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నాను కూడా. అది మూడుసార్లు రాసిన ఒకే గుంపు. తమ్ముడి స్క్రీన్‌షాట్‌లోనూ మూడు వరుసలు, మూడుసార్లు 22,200.

"పోటీ తక్కువ" అన్న మాట ఇంకా ఎక్కువ మందిని ముంచుతుంది. కీవర్డ్ ప్లానర్‌లో ఆ నిలువు వరుస చెప్పేది ప్రకటనదారుల మధ్య పోటీ. ఆ పదానికి ఎంతమంది డబ్బు పెట్టి యాడ్ వేస్తున్నారన్నదే దాని అర్థం. మామూలు సెర్చ్ ఫలితాల్లో మీ పేజీ పైకి రావడం సులువా కష్టమా అన్నది అది చెప్పదు. మార్కెట్‌ప్లేస్‌లో ఎంతమంది అమ్ముతున్నారో అసలే చెప్పదు. ఉచిత టూల్స్ కొన్ని ఈ వరుసను ఎత్తుకొచ్చి అర్థం రాయకుండా "పోటీ" అని పెడతాయి. నాకు దీని మీద నిజంగా కోపం ఉంది. ఒక్క పదం చేర్చి ఉంటే ఎంతమంది డబ్బు నిలబడేదో.

ఒక పదం మీద ఆసక్తి ఎప్పుడు పెరిగిందో, తగ్గిందో గీతగా చూపే గూగుల్ ట్రెండ్స్ వాడేవాళ్ళకు ఒక్క మాట: అందులో 100 అంటే 100 మంది కాదు. మీరు ఎంచుకున్న కాలంలో, ప్రాంతంలో ఆసక్తి అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న క్షణాన్ని 100 అంటారు, మిగతావన్నీ దానితో పోల్చినవే. గీత పైకి పోతోందంటే మొత్తం వెతుకులాటల్లో ఆ పదం వాటా పెరుగుతోందని, అంతే. ఏ వస్తువుకు ఏ నెలల్లో గిరాకీ లేస్తుందో చూడ్డానికి అది చాలా మంచిది, నేను ఇప్పటికీ వాడతాను. ఎన్ని తెప్పించాలో మాత్రం దాన్ని అడగవద్దు.

సరుకు నష్టం ఒక ఎత్తు. ఇప్పుడు చెప్పబోయేది మీలో చాలామందికి ఈ క్షణంలో జరుగుతూ ఉండవచ్చు. ఆ ఎక్స్‌టెన్షన్ వేసుకునేటప్పుడు అది అడిగిన అనుమతి: అన్ని వెబ్‌సైట్లలో నా డేటా మొత్తాన్ని చదవడం, మార్చడం. చదివాను, నొక్కేశాను. అమెజాన్ పేజీ మీద పట్టిక చూపడానికి అమెజాన్ పేజీ చదివితే సరిపోతుంది. అన్ని సైట్లూ అంటే నా సెల్లర్ డాష్‌బోర్డు, నా మెయిల్, నా బ్యాంకు పేజీ కూడా. కొన్నాళ్ళకు ఒక అప్‌డేట్ వచ్చి, కొత్త అనుమతులు కావాలంటూ ఎక్స్‌టెన్షన్ ఆగిపోయింది. క్రోమ్ నన్ను ఆలోచించుకోమనే ఆపింది. నేను విసుగ్గా ఒప్పుకున్నాను. ఆ తర్వాత నా సెర్చ్‌లు ఏదో తెలియని చిరునామా మీదుగా పోయి రావడం మొదలైంది, షాపింగ్ పేజీల్లో ఎప్పుడూ లేని ప్రకటనలు కనిపించాయి. ఒక్కొక్క ఎక్స్‌టెన్షన్ తీస్తూ పోతే, దీన్ని తీసిన రోజున అవన్నీ ఆగిపోయాయి.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ది గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్‌కు ఎంత మంచి పేరుండేదో పాత వాడకందార్లకు తెలుసు. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) ఉందని గూగుల్ దాన్ని స్టోర్ నుంచి తీసేసింది. జనాన్ని కాపాడతామన్న యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ కూడా వాడకందార్ల బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్మింది. ఆ కేసులో 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోటీ 65 లక్షల డాలర్లు కట్టించింది. మనం ఏ వస్తువు పేజీని ఎన్నిసార్లు తెరిచామో, ఏ సప్లయర్‌ను చూశామో, ఏ పదాలు వెతికామో, అదంతా అమ్మకందారుకు వ్యాపార రహస్యం. ఉచితంగా పట్టిక చూపినవాళ్ళ చేతికి దాన్ని మనమే అందిస్తున్నాం.

ఎక్స్‌టెన్షన్ తీసేస్తే పని అయిపోయిందని నేనూ అనుకున్నాను. కాలేదు. "గూగుల్ అకౌంట్ కలపండి, మీ సైట్‌కు ఉచిత రిపోర్ట్ ఇస్తాం" అంటే సర్చ్ కన్సోల్‌కు, అంటే నా సైట్‌కు గూగుల్ సెర్చ్ నుంచి జనం ఎలా వస్తున్నారో గూగుల్ చూపే చోటుకు, కూడా తాళంచెవి ఇచ్చి ఉన్నాను. ఆ అనుమతి గూగుల్ అకౌంట్‌లో విడిగా ఉంటుంది, ఎక్స్‌టెన్షన్‌తోపాటు పోదు. అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ కింద, మీరు అనుమతి ఇచ్చిన బయటి యాప్‌ల జాబితా ఉంటుంది. నా జాబితాలో ఏడు ఉన్నాయి, అందులో మూడింటి పేర్లు కూడా గుర్తులేవు. ఈ పోస్టు పక్కన పెట్టి ముందు అది తెరిచి చూడండి.

ఆ రిపోర్ట్ ఏం చెప్పిందంటే, నా సైట్‌కు "విషపు లింకులు", అంటే గూగుల్ దగ్గర నా సైట్‌కు చెడ్డపేరు తెచ్చే బయటి సైట్ల లింకులు, ఉన్నాయని, డబ్బు కడితే శుభ్రం చేస్తామని. చాలా సైట్లకు, అలాంటి లింకులను లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే టూల్ అవసరమే ఉండదని గూగుల్ సహాయ పేజీలోనే రాసి ఉంది. కార్డు నంబరు అడిగే ఉచిత ట్రయల్ గురించి వేరే చెప్పనక్కర్లేదు, గడువు తేదీ రాసి పెట్టుకోండి.

ఇప్పుడు నేను చేసేది ఇది. పరిశోధనకు వేరే బ్రౌజర్ ప్రొఫైల్ పెట్టుకున్నాను, అందులో ఏ అకౌంట్‌లోనూ లాగిన్ అవను. తప్పదనుకున్న ఎక్స్‌టెన్షన్‌కు క్రోమ్ సెట్టింగ్స్‌లో "క్లిక్ చేసినప్పుడు మాత్రమే" అన్నది ఎంచుకుంటాను. నా సైట్‌కు జనం ఏ మాటలతో వస్తున్నారో సర్చ్ కన్సోల్‌లో చూస్తాను. అది 16 నెలల వరకు ఇస్తుంది, అంచనా కాదు, నా సొంత లెక్క. కొత్త వస్తువైతే మార్కెట్‌ప్లేస్ సెర్చ్ పెట్టెలో సగం మాట కొట్టి అది ఏం పూరిస్తుందో చూస్తాను. తర్వాత రెండు, మూడు నక్షత్రాల రివ్యూలు కూర్చుని చదువుతాను. నా లాప్‌టాప్ స్టాండ్ కేటగిరీలో "ఊగుతోంది" అన్న ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చిందో ఏ టూల్ నాకు చెప్పలేదు. అవి ముందే చదివి ఉంటే నేను వేరే మోడల్ తెచ్చేవాణ్ణి. ర్యాంకును ఒక్క రోజు చూసి వదలను, నెలపాటు రోజూ ఒకే వేళకు రాసుకుంటాను, కూపన్ ఉన్న రోజుల పక్కన గుర్తు పెడతాను.

తమ్ముడు ఇవాళ పొద్దున్న మళ్ళీ ఫోన్ చేశాడు. తను చూసిన లిస్టింగ్‌లో కూపన్ ఉందట. ఆర్డర్ ఆపి, 20 మాత్రం తెప్పిస్తున్నాడు. వాడి ఎక్స్‌టెన్షన్ పేరు అడిగాను. నేను తీసేసినదే.