40 కిలోవాట్ స్టిక్కర్ కింద 15 కిలోవాట్ ప్లేటు: ఇండక్షన్ మెషిన్ కొనేవాళ్ళు జాగ్రత్త

నిన్న సాయంత్రం నుంచి ఒళ్ళు మండిపోతోంది. కాస్త చల్లారాక రాద్దామనుకున్నాను గానీ అది చల్లారేలా లేదు. ఇనుముని కరెంటు కాయిల్‌తో కాల్చే ఈ ఇండక్షన్ మెషిన్ ఎవరి దగ్గర కొన్నానో పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. బోల్టుని కాయిల్లో పెట్టి ఐదు సెకన్లలో ఎర్రగా చేసి "చూశారా అన్నా పవరు!" అంటాడు చూడండి, ఆ వీడియోల మనిషే. మన లేత్ షాపుల వాళ్ళ ఫోన్లన్నిటికీ ఆ వీడియో రోజుకి రెండుసార్లు వస్తూనే ఉంటుంది.

మాది విజయనగరంలో చిన్న షాపు. జేసీబీ బకెట్ పిన్నులు, బుష్‌లు, రైస్ మిల్లు షాఫ్టులు చేస్తాం. హార్డెనింగ్‌కి, అంటే వాటిని కాల్చి నీళ్ళతో చల్లార్చి పైపొర గట్టిపరచడానికి, ఇన్నాళ్ళూ విశాఖ ఆటోనగర్ పంపేవాళ్ళం. బండి కిరాయి, అక్కడ క్యూ, రెండ్రోజులు పోవడం, ఇవన్నీ ఎందుకు, ధాన్యం సీజను వచ్చేలోపు మనదే ఒకటి పెట్టేద్దాం అనుకున్నా. ముద్రా లోను తీసుకుని 3,80,000కి 40 కిలోవాట్ మెషిన్ బుక్ చేశాను. సగం అడ్వాన్సు, మిగతా సగం లారీ ఎక్కించే ముందు. ఎక్కించే ముందే కట్టాను. అవును, వెళ్ళి చూడకుండానే. నన్ను నేను తిట్టుకోవడం అయిపోయింది, మీరు మళ్ళీ తిట్టక్కర్లేదు. 40 కిలోవాట్ కదా అని కరెంటాఫీసు చుట్టూ తిరిగి లోడు కూడా పెంచించుకున్నాను. దానికి డిపాజిట్ వేరే.

దసరాకి మెషిన్ దిగింది. ఆయుధపూజలో పసుపు రాసి, "40 కేడబ్ల్యూ" అని మెరిసిపోతున్న ఆ స్టిక్కరు మీదే కుంకుమ బొట్టు పెట్టాను. ఈ బొట్టు సంగతి గుర్తుపెట్టుకోండి.

మా ఊరి సిరిమాను పండగ అయ్యాక మొదటి పిన్ను పెట్టాం. 45 ఎంఎం లావు, ఈఎన్8 అనే గట్టిపడే రకం స్టీలు. ఇండక్షన్‌లో ఉన్న సుఖమంతా ఏమిటి? కొన్ని సెకన్లలో పైపొర మాత్రమే 850 డిగ్రీలు దాటాలి, లోపల కడ్డీ చల్లగానే ఉండాలి, వెంటనే నీళ్ళు పడాలి. అప్పుడు పైన గట్టిదనం, లోపల సాగే గుణం, రెండూ దక్కుతాయి. మాకు పిన్ను ఎర్రబడడానికే నిమిషంన్నర పట్టింది. పైన ఎర్రబడేసరికి వేడి లోపలిదాకా పాకేసింది. నీళ్ళు కొట్టగానే టంగుమని పొడుగునా పగులు. రెండో పిన్ను కాస్త ముందే చల్లార్చాం. పగల్లేదు గానీ ఆకురాయి పెడితే జారలేదు, మెత్తగా కరిచింది. జన్మంతా కొలిమిలో ఉలులు కాల్చి పదును పెట్టిన మా నాన్న స్టూలు మీద కూర్చుని చూస్తూ, "దీనికి లోనెందుకురా, నా కొలిమి ఉంది కదా" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

డీలర్‌కి ఫోన్ చేశాను. మొదటిసారి: "మీ వైపు మెటీరియల్ బాగుండదన్నా." మా దగ్గర టెస్ట్ సర్టిఫికెట్ ఉంది, కార్బన్ 0.40 శాతం. కార్బన్ తక్కువుండే మామూలు మైల్డ్ స్టీలైతే గట్టిపడదు, ఒప్పుకుంటాను. ఇది అది కాదు. రెండోసారి: "మీ ఊళ్ళో వోల్టేజ్ ఉండదన్నా." మీటరు 410 చూపిస్తోంది. మూడోసారి: "ఇది హై ఫ్రీక్వెన్సీ అన్నా, మామూలు దానికన్నా ఇంకా మంచిది." ఇది వినగానే నాకు అనుమానం రావాల్సింది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ కరెంటు లోహం పైపైనే తిరుగుతుంది, లోతు తగ్గుతుంది. గేరు పళ్ళకీ సన్న కడ్డీలకీ అది బాగుంటుంది. లావు పిన్నుకి మూడు నాలుగు మిల్లీమీటర్ల పొర కావాలంటే పది కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలో అంతకంటే తక్కువలోనో ఉండే మీడియం ఫ్రీక్వెన్సీ కావాలి. ఈ మెషిన్ డిస్‌ప్లే మీద 40 కిలోహెర్ట్జ్ పైనే కనిపిస్తోంది. అంతా తెలిసి కూడా, "సరే అన్నా, కాయిల్ మార్చి చూస్తాను" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. లక్షలు కట్టేశాక నోరు మెత్తబడిపోతుంది కాబోలు.

నిన్న మా ఎలక్ట్రీషియన్ వచ్చాడు. పెద్దాయన, రైస్ మిల్లుల మోటార్లతోనే జుట్టు నెరిసింది. నేను పెడల్ తొక్కి ఫుల్ పవర్ మీద పిన్ను కాలుస్తుంటే ఆయన క్లాంప్ మీటరు, అదే వైరు చుట్టూ తగిలిస్తే ఎన్ని ఆంపులు పోతున్నాయో చూపించేది, ఒక ఫేజుకి తగిలించాడు. కాసేపు చూసి, తీసి, ఇంకో ఫేజుకి పెట్టి, "ఏటి బాబూ ఇది, నలభై అన్నారు కదా, ఇరవై రెండు ఆంపులు దాటట్లేదేటి?" అన్నాడు. లెక్క మీరే వేసుకోండి. మూడు ఫేజుల్లో 415 వోల్టుల మీద 40 కిలోవాట్లు లాగాలంటే తక్కువలో తక్కువ 55 ఆంపులు కావాలి. 22 ఆంపులంటే 15 కిలోవాట్లు, మహా అయితే 16.

ఆయన లేచి మెషిన్ చుట్టూ తిరిగాడు. ముందు వైపు, నేను పెట్టిన బొట్టు దగ్గర, పసుపు తడికి స్టిక్కరు మూల లేచి ఉంది. గోరుతో లేపగానే అట్టు ఊడినట్టు మొత్తం ఊడొచ్చింది. కింద రేకు ప్లేటు. చైనా అక్షరాలు, వాటి మధ్యలో నిక్షేపంగా 15 కేడబ్ల్యూ. తయారుచేసినవాడు నిజమే రాశాడు పాపం. నేను బొట్టు పెట్టి దండం పెట్టింది మాత్రం అబద్ధానికి.

ఫోటో తీసి పంపి ఫోన్ చేశాను. ఎత్తాడు. వినండి ఏమన్నాడో. "స్టిక్కరు చూసి మెషిన్ కొంటారా అన్నా ఎవరైనా?"

నవ్వుతూ అన్నాడు. పక్కన ఎవరో ఉన్నారు, వాళ్ళకి వినపడేట్టు అన్నాడు. వాళ్ళూ నవ్వారు. నాకు మాట రాలేదు. తేరుకుని "నువ్వే కదయ్యా 40 అని కొటేషన్ పంపావు" అంటే, "అది పీక్ అన్నా. బిల్లు చూసుకోండి, బిల్లులో ఏముందో అదే ఇచ్చాం" అని పెట్టేశాడు. బిల్లు తీశాను. "ఇండక్షన్ హీటింగ్ మెషిన్, 1". అంతే. కిలోవాట్ లేదు, ఫ్రీక్వెన్సీ లేదు, మోడల్ నంబరు లేదు. 18 శాతం జీఎస్టీ మాత్రం పైసలతో సహా ఉంది. వారంటీ కార్డు చదివితే ఇంకో జోకు: ఒక సంవత్సరం వారంటీ, ఎలక్ట్రికల్ భాగాలకు వర్తించదు. ఈ మెషిన్‌లో ఎలక్ట్రికల్ కానిది చుట్టూ ఉన్న రేకు డబ్బా ఒక్కటే. ఏడాదిలోపు రేకు పాడైతే కొత్త రేకు ఇస్తాడన్నమాట.

రాత్రి నిద్ర పట్టక అదే మాట తిరుగుతోంది. డబ్బు పోయిందన్న బాధ ఒక ఎత్తు, ఆ నవ్వు ఒక ఎత్తు. ఇరవై ఏళ్ళుగా లేత్ మీద ఉన్నాను, మైక్రోమీటరు లేకుండా ఏ ముక్కనీ నమ్మను. 3,80,000 పెట్టేటప్పుడు మాత్రం స్టిక్కరుని నమ్మాను.

పొద్దున 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెట్టాను. వ్యాపారానికి కొన్నది వినియోగదారుల చట్టం కిందికి రాదని అవతలివాడు వాదిస్తాడు, తెలుసు. కానీ సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్నదానికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. వాట్సాప్ కొటేషన్, ఫోటోలు, ఆంపులు చూపిస్తూ తీసిన వీడియో, అన్నీ దాచాను. స్టిక్కరు కూడా, బొట్టుతో సహా.

కొనాలనుకునేవాళ్ళు సన్న బోల్టు ఎర్రబడడం చూసి మురిసిపోకండి, దాన్ని ఎంత చిన్న మెషిన్ అయినా కాలుస్తుంది. మీ పిన్ను మీరు పట్టుకెళ్ళి, అది కాలుతుండగా మూడు ఫేజుల మీదా క్లాంప్ మీటరు పెట్టించండి. కిలోవాట్లూ ఫ్రీక్వెన్సీ బిల్లు మీద రాయించాకే రెండో సగం కట్టండి. వారంటీ ముందే చదవండి, నాలా తర్వాత కాదు.

రేపు తెల్లవారుజామున మళ్ళీ పిన్నులు బండికెత్తి ఆటోనగర్ పంపుతున్నాను. అదే మనిషి దగ్గర 25 అనీ, 60 అనీ కొన్నవాళ్ళు మన జిల్లాలో ఇంకా ఉన్నారని విన్నాను. స్టిక్కరు మూల ఒకసారి గోరుతో లేపి చూసి, కింద ఏముందో నాకు చెప్పండి. ఫిర్యాదులో కలుపుతాను.