కర్నూలు స్టూడియో అన్నలారా, కంప్యూటర్లకు షేరింగ్ పెట్టించేటప్పుడు జాగ్రత్త

నిన్న మధ్యాహ్నం ఒక పెళ్లి మొత్తం పోయింది. ఎమ్మిగనూరు పెళ్లి, రెండు రోజుల షూటింగ్, 2,600 ఫోటోల పైనే. ఇంకా చేతులు వణుకుతాండాయి, తప్పులుంటే సర్దుకొని చదవండి.

మా స్టూడియోలో మూడు రకాల సిస్టాలు. ఆల్బం డిజైన్‌కు విండోస్, వీడియోకు మ్యాక్, డేటా దాచేదానికి ఉబుంటు ఎక్కించిన పాత కంప్యూటర్. మూడింట్లోనూ ఒకే ఫోల్డర్ కనపడాలని షేరింగ్ పెట్టమన్నా. ఎవరికి చెప్పినానో ఇక్కడ స్టూడియో వాళ్లందరికీ అర్థమయింటుంది, పేరు రాయను. 3,500 తీసుకున్నాడు, గంటలో ముగించినాడు. ఫోల్డర్ టక్కున తెరుచుకుంది, పాస్‌వర్డ్ కూడా అడగలే. నేను సంబరపడినా. ఆడనే అడిగింటే ఇంత జరిగేది కాదు.

నిన్న పాస్‌పోర్ట్ ఫోటోలకు ఒక పిల్లోడు వచ్చినాడు. తన మ్యాక్‌బుక్ నుంచి ఏదో పంపాలంటే మా వైఫై పాస్‌వర్డ్ ఇచ్చినా. మ్యాక్‌లో మా ఉబుంటు పేరు దానంతట అదే పక్కన వచ్చేస్తుంది, నొక్కితే గెస్ట్‌గా, అంటే పేరూ పాస్‌వర్డూ లేకుండానే, లోపలికి పోతుంది. ఎవరిదో పెళ్లి ఫోల్డర్ కనపడేసరికి పొరపాటున తన ల్యాప్‌టాప్‌లోకి కాపీ అయిందనుకున్నాడు. "అన్నా, మీ ఫోల్డర్ నా దాంట్లోకి వచ్చింటే తీసేసినా" అని మర్యాదగా చెప్పినాడు కూడా. ఆ పిల్లోన్ని ఏమనాలి? డిజైన్ సిస్టం వైపు తిరిగి చూస్తే ఫోల్డర్ ఉన్న చోట ఏమీ లేదు. రీసైకిల్ బిన్‌లోనూ లేదు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో తీసేసింది బిన్‌కు పోదని నిన్ననే తెలిసింది.

షేరింగ్ పెట్టినాయనకు ఫోన్ చేసినా. ఆయన మాట ఇది: "అన్నా, మూడు సిస్టాలు కలపమన్నావు, కలిపినా. తాళం వేయమని అడిగినావా?"

అడగలేదు. నాకు తెలిసింటే నిన్నెందుకు పిలుస్తానయ్యా? ఇల్లు కట్టే మేస్త్రీకి తలుపు పెట్టమని వేరే చెప్తామా? నేనింకేదో అనేలోపే ఫోన్ పెట్టేసినాడు. పెళ్లి పోయిందని చెప్పినాక కూడా "అయ్యో" అనలే. ఆ మాట రాత్రంతా చెవిలోనే ఉంది.

తెలిసిన తమ్ముడొకడు సాయంత్రం వచ్చి చూసినాడు. సాంబా అంటే ఉబుంటులోని ఫోల్డర్‌ను విండోస్‌కు, మ్యాక్‌కు చూపించే సాఫ్ట్‌వేర్. దాని సెట్టింగుల ఫైల్లో "గెస్ట్ ఓకే, ఎస్" అని ఉంది. ఫోల్డర్‌కు 777, అంటే ఎవరైనా రాయొచ్చు, తీసేయొచ్చు. విండోస్‌లో బయటినుంచి వచ్చేవాటిని ఆపే ఫైర్‌వాల్ మొత్తం ఆఫ్, ఫైల్ షేరింగ్‌కు వాడే పాత పద్ధతి ఎస్ఎంబి 1 ఆన్. 2017 మేలో వానాక్రై వైరస్ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు పాకింది ఆ ఎస్ఎంబి 1 లోపంతోనే.

ఇంకో కాపీ పెట్టుకోకుండానే, ఇంకో ఫంక్షన్‌కని కెమెరా మెమరీ కార్డులు ఫార్మాట్ కొట్టినా. అది నా తప్పు, ఎవరి మీదా తోయను. రికవరీ పెడితే 412 ఫోటోలు వచ్చినాయి, తాళి కట్టేది వాటిల్లో లేదు. రేపు పెళ్లికూతురి నాయన వస్తాడు.

మీరు ఒక పని చేయండి. ఫోన్‌ను స్టూడియో వైఫైకి కలిపి, ఫైల్ మేనేజర్‌లో మీ షేరింగ్ ఫోల్డర్ తెరవండి. పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకుంటే పెట్టినాయన్ను ఈ రోజే పిలిపించి గెస్ట్ తీసేయించి, పేరూ పాస్‌వర్డూ పెట్టించండి. సాంబాలో రీసైకిల్ కూడా పెట్టొచ్చంట, అడిగి పెట్టించండి. కస్టమర్లకు వైఫై వేరే ఇవ్వండి.