స్టిల్‌వాటర్ ట్రిప్: రూము గడువు ముందు, ఆట టైము తర్వాత

ఇది కాలితో తన్నే ఫుట్‌బాల్ గురించి కాదు, అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్, అందులోనూ కాలేజీ పిల్లలు ఆడేది. నేను ఎమ్మెస్ చేసింది ఓక్లహోమా స్టేట్‌లో, స్టిల్‌వాటర్ అనే చిన్న ఊరు. చదివిన రెండేళ్ళూ అసైన్‌మెంట్లు, క్యాంటీన్‌లో పార్ట్‌టైమ్, ఒక్క ఆట కూడా కుదురుగా చూసింది లేదు, తీరా ఉద్యోగం వచ్చి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కున్నాక పిచ్చి పట్టుకుంది, ఏడాదికి ఒకటో రెండో ఆటలకి నాలుగు గంటలు కారు తోలుకుంటూ పోతున్నా. మా టీమ్ పేరు కౌబాయ్స్, డాలస్‌లో చెప్తే అందరూ ఆ వేరే కౌబాయ్స్, అంటే ఆ ఊరి ప్రొఫెషనల్ టీమ్ అనుకుంటారు, అదొక ఖర్మ.

ఈసారి మా మావయ్య గారు కూడా వచ్చారు. బాపట్ల దగ్గర హైస్కూల్లో పీఈటీగా రిటైరయ్యారు, మండలం కబడ్డీ పోటీలు ఎన్ని నడిపారో లెక్కలేదు. టికెట్ చేతిలో పెడితే కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివి, తారీకు ఉంది, సీటు నంబరు ఉంది, "ఈ టీబీఏ అంటే ఏ ఊరు బాబూ" అన్నారు. ఊరు కాదు మావయ్య గారూ, ఆట ఎన్నింటికో తర్వాత చెప్తారని అర్థం అంటే ఆయనకి నమ్మకం కుదర్లేదు. టికెట్ అమ్మేశాక టైము తర్వాత చెప్పడం ఏంటి అని.

అసలు సంగతి అదే. సీజన్ మొదట్లో రెండు మూడు వారాల ఆటలకి టైములు ఎండాకాలంలోనే చెప్పేస్తారు. 2024 సెప్టెంబర్ 7న ఆర్కన్సాతో ఆట పొద్దున 11కి అని ముందే తెలిసిపోయింది, ఎండలో మాడుతూ చూశాం కానీ రెండు ఓవర్‌టైములు వెళ్ళి 39-31తో గెలిచాం కాబట్టి ఆ ఎండ ఇప్పుడు గుర్తుకు రాదు. ఆ తర్వాతి వారాల ఆటలకే వస్తుంది తంటా. మామూలుగా ఆటకి 12 రోజుల ముందు, అంటే సోమవారం నాడు, టీవీ వాళ్ళు ఏ ఆట ఎప్పుడు చూపించాలో ఎంచుకుంటారు. కొన్ని ఆటలకి అప్పుడు కూడా తేల్చరు, మధ్యలో వచ్చే శనివారం ఎవరు గెలుస్తారో ఎవరు ఓడతారో చూసి, బాగా రంజుగా ఉన్న ఆటని మంచి టైములో పెట్టుకుందామని ఆగుతారు. అలాంటప్పుడు 6 రోజుల ముందు, ఆదివారం నాడు చెప్తారు. పొద్దున 11 కావచ్చు, మధ్యాహ్నం రెండున్నర కావచ్చు, రాత్రి 7 కావచ్చు. ఇంట్లో సోఫాలో కూర్చునేవాడికి ఏదైనా ఒకటే. నాలుగు గంటలు కారులోనో, రెండు ఫ్లైట్లు మారో వచ్చేవాడికి మాత్రం 11కీ 7కీ తేడా ఒక రాత్రి రూము ఖర్చు, ఒక రోజు లీవు.

ఇక రూముల కథ. స్టిల్‌వాటర్ జనాభా 50 వేలకి అటూ ఇటూ, స్టేడియంలో పట్టేదీ దాదాపు అంతే, అంటే ఆట రోజు ఊరు రెండింతలవుతుంది. క్యాంపస్‌లోనే ఆథర్టన్ అని చక్కటి హోటల్ ఉంది, ఆట వారాంతంలో అక్కడ రూము దొరకడం అంటే తిరుమలలో బ్రహ్మోత్సవాలప్పుడు కాటేజీ దొరికినట్టే. నేను ఆగస్టులోనే ఊళ్ళో ఒక మోటెల్ పట్టాను, పేరు వద్దులెండి. మామూలు రోజుల్లో 80 డాలర్లు ఉండే రూము రాత్రికి 260, శుక్ర శని రెండు రాత్రులూ తీసుకోవాల్సిందే, చెక్ఇన్‌కి 14 రోజుల ముందు దాటితే పైసా వెనక్కి రాదు. వేళ్ళ మీద లెక్కేసుకోండి, గడువు 14 రోజులు, ఆట టైము తేలేది 12 రోజులకి, లేదా 6కి. అంటే ఎలా చూసినా మన డబ్బులు ఇరుక్కున్నాకే మనకి టైము తెలుస్తుంది. ఎవరో కూర్చుని పన్నిన ప్లాన్ అని నేననను, మోటెల్ వాడి లెక్క వాడిది, టీవీ వాడి లెక్క వాడిది, మధ్యలో పడేది మనం.

మాది 6 రోజుల ఆటల్లో పడింది. ఆదివారం మధ్యాహ్నం వంకాయ కూర కలుపుకుంటుంటే ఫోన్ మోగింది, నా పాత రూమ్మేట్, న్యూజెర్సీ నుంచి. "అరేయ్ 11 అంటరా, నేను తుల్సాలో దిగేదే పదింబావుకి" అన్నాడు. తుల్సా ఎయిర్‌పోర్ట్ నుంచి స్టిల్‌వాటర్ గంటంబావు, రెంటల్ కారు క్యూ అదనం. వాడు మధ్యాహ్నం ఆట అవుతుందిలే అని శనివారం పొద్దుటి టికెట్ చవగ్గా కొన్నాడు. మార్చుకోడానికి ఛార్జీ లేదు అంటారు గానీ ఫేర్ తేడా 190 డాలర్లు పడింది, శుక్రవారం అర్ధరాత్రి దిగి నిద్రకళ్ళతో వచ్చాడు. నా సంగతి చూస్తే, పొద్దున 11 ఆట మూడింటికల్లా అయిపోతుంది, రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఉండొచ్చు, శనివారం రాత్రి రూముతో పనే లేదు, 260 డాలర్లు గంగపాలు. మా ఆవిడ ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ.

దారి మాత్రం బావుంటుంది, ఐ-35 పట్టుకుని రెడ్ రివర్ దాటగానే ఓక్లహోమా. డేవిస్ దగ్గర అర్బకిల్ కొండల్లో ఫ్రైడ్ పైలు అమ్మే షాపు ఉంది, తప్పకుండా ఆగండి. మావయ్య గారు ఒకటి చేతిలోకి తీసుకుని అంచు చూసి "ఇది కజ్జికాయే కదయ్యా, కాస్త లావుగా ఉంది" అన్నారు, నిజమే, అంచు నొక్కులతో సహా కజ్జికాయే, లోపల కొబ్బరి బదులు ఆప్రికాట్. పక్కనే టర్నర్ ఫాల్స్, టైముంటే చూడొచ్చు, మాకు లేదు.

నార్మన్ దాటేటప్పుడు ఆయన మళ్ళీ మొదలెట్టారు, టీవీ వాడికి అంత పెత్తనం ఎవరిచ్చారు అని. తమాషా ఏంటంటే ఆ కథ ఆ ఊరిదే. ఒకప్పుడు ఏ కాలేజీ ఆట టీవీలో ఎన్నిసార్లు రావాలో ఎన్‌సీఏఏ అనే సంఘమే కట్టడి చేసేది, స్టేడియాలు ఖాళీ అయిపోతాయని భయం. నార్మన్‌లో ఉన్న ఓక్లహోమా యూనివర్సిటీ, జార్జియా యూనివర్సిటీ కలిసి కేసేస్తే 1984లో సుప్రీంకోర్టు 7-2తో ఎన్‌సీఏఏ పెత్తనం చెల్లదు పొమ్మంది. అప్పట్నించీ ఎవరి హక్కులు వాళ్ళు అమ్ముకుంటున్నారు. ఒప్పుకోని ఇద్దరు జడ్జిల్లో ఒకాయన బైరన్ వైట్, కుర్రతనంలో కొలరాడోకి ఆడిన పెద్ద ఫుట్‌బాల్ స్టార్. మా టీమ్ ఉండే కాలేజీల కూటమి బిగ్ 12కి ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో 2031 దాకా ఆరేళ్ళ ఒప్పందం, 2.28 బిలియన్ డాలర్లు అని వార్తలొచ్చాయి. నేను టికెట్‌కి పెట్టే 70 డాలర్లు దాని ముందు ఎంతండీ. "అంటే మనం పెళ్ళికి వచ్చినవాళ్ళం, ముహూర్తం పెట్టేది వీడియో వాడు" అన్నారు మావయ్య గారు.

శుక్రవారం సాయంత్రం మాత్రం పైసా వసూల్. మేం వెళ్ళింది హోమ్‌కమింగ్ వారం, అంటే పాత స్టూడెంట్లు తిరిగొచ్చే పండగ, ఆ రాత్రి యూనివర్సిటీ అవెన్యూ మీద కార్లు ఆపేసి జనం నడుస్తారు, వాక్‌అరౌండ్ అంటారు. కోళ్ళ దడికి కట్టే లాంటి జాలీ తీసుకుని, దాని ఒక్కో కన్నంలో రంగు టిష్యూ కాగితం దోపి, ఇంటెత్తు బొమ్మలు కడతారు స్టూడెంట్లు, వారాల తరబడి కూర్చుని. దూరం నుంచి పెయింటింగ్ అనుకుంటాం, దగ్గరికెళ్తే కాగితపు పువ్వులు. ఫౌంటెన్‌లో నీళ్ళు కూడా నారింజ రంగే. మావయ్య గారు వేలితో ఒక కాగితం మెల్లిగా తాకి, మా ఊరి వినాయకుడి పందిరికి ఇంత ఓపిక ఎవడికుంది అన్నారు. కానీ 11 ఆట కాబట్టి ఆ పిల్లలు కూడా రాత్రి లేటుగా పడుకుని తెల్లారేసరికి పెరేడ్‌కి రెడీ అయ్యారు, వాళ్ళ ముఖాలు చూస్తే జాలేసింది.

శనివారం మేం లేచింది నాలుగున్నరకి. మోటెల్ రూము గురించి రెండు ముక్కలు, ఏసీ మోత, బాత్రూంలో వేడినీళ్ళు ఆరో నిమిషానికి చల్లబడ్డాయి, బ్రేక్‌ఫాస్ట్ ఏడింటికి మొదలన్నారు, ఆ రోజు అందరూ ఆరింటికే పోతారని తెలిసి కూడా. 260కి ఇది. డెస్క్ దగ్గర గుజరాతీ ఆంటీ మాత్రం మావయ్య గారిని చూసి తన కోసం పెట్టుకున్న టీలోంచి ఒక కప్పు పోసిచ్చింది, అల్లం దంచి వేసిన టీ, దానికి మాత్రం ఐదు స్టార్లు.

పార్కింగ్ ఒకళ్ళ ఇంటి ముందు గడ్డిలో, 40 డాలర్లు, పదిహేను నిమిషాల నడక. ఏడింటికల్లా టెంట్లు వేసి బీర్లు తెరిచేశారు జనం. మా బ్యాచ్‌లో ఒకడు ప్రొపేన్ స్టవ్ తెచ్చి దోసెలకి సిద్ధమయ్యాడు, ఓక్లహోమా గాలి సంగతి తెలిసిందేగా, మంట పెనం కింద నిలబడదు, పక్కకి పరిగెడుతుంది, దోసె ఒక వైపు మాడి ఇంకో వైపు పచ్చిపిండి. చివరికి ఇద్దరు అట్టపెట్టెలు అడ్డం పట్టుకుని నిలబడితే మూడో దోసె కుదిరింది. పులిహోర ఎలాగూ ఉంది, మా ఆవిడ ముందుచూపు. పక్క టెంటు ముసలాయన, 1970ల నుంచి వస్తున్నాట్ట, పులిహోర తిని ఇంకాస్త పెట్టించుకుని, ఒకప్పుడు మధ్యాహ్నం ఆట అంటే మధ్యాహ్నమే, పొద్దున ఇంటి దగ్గర పశువులకి మేత వేసి బయల్దేరేవాళ్ళం అన్నాడు. ఇప్పుడు 11 అంటే రాత్రే బయల్దేరాలి, మేత ఎవడు వేస్తాడు.

స్టేడియం గురించి టికెట్ కొనేవాళ్ళకి పనికొచ్చే ముక్క ఒకటి. బూన్ పికెన్స్ స్టేడియం తూర్పు పడమరలుగా ఉంటుంది, చాలా స్టేడియాల్లా ఉత్తర దక్షిణాలు కాదు. ఉత్తరం వైపు స్టాండ్లో కూర్చుంటే దక్షిణానికి మొహం, పగటి ఆటయితే సూర్యుడు ఎదురుగుండా. టైము తెలియకుండా టికెట్ కొనాలి కాబట్టి దక్షిణం వైపే కొనండి, రాత్రి ఆటయినా నష్టం లేదు. నేను పోయినసారి ఉత్తరంలో కొని బుద్ధి తెచ్చుకున్నా. లోపలికి పారదర్శకంగా ఉండే సంచులే, మావయ్య గారి గుడ్డసంచి పట్టుకుని నేను కారు దాకా మళ్ళీ నడిచా. లోపల మాత్రం జనం మైదానానికి ఎంత దగ్గరంటే, గోడకి ఉన్న మెత్తల మీద చెక్క తెడ్లతో బాదుతుంటే ఆ చప్పుడు గుండెల్లో వినపడుతుంది, టచ్‌డౌన్ పడితే, అంటే మనవాళ్ళు బాల్‌ని అవతలి చివరి గీత దాటిస్తే, బుల్లెట్ అనే నల్లగుర్రం పరిగెత్తుకొస్తుంది.

ఆట మధ్యలో ఊరికే ఆగిపోతుంటే మావయ్య గారే కనిపెట్టారు, గీత పక్కన ఎర్రటోపీ పెట్టుకుని ఒకాయన నిలబడతాడు. ఆయన మైదానంలోకి నడిచొస్తే యాడ్లు మొదలు, బయటికెళ్తేనే ఆట మొదలు. 22 మంది కుర్రాళ్ళు చేతులు నడుముకి పెట్టుకుని నిలబడి ఉంటారు. "రిఫరీ కంటే ఈయనే పెద్దాయనలా ఉన్నాడే" అని, తర్వాత నాలుగో క్వార్టర్ దాకా బాల్ వదిలేసి ఎర్రటోపీనే చూశారు. ఆట మూడున్నర గంటలు పట్టింది.

అయ్యాక ఎస్కిమో జోస్. 1975 నుంచి ఉన్న రెస్టారెంట్, 1990లో ప్రెసిడెంట్ పెద్ద బుష్ ఇక్కడ స్నాతకోత్సవానికొచ్చి చీజ్ ఫ్రైస్‌ని మెచ్చుకున్నాడు. ఆట రోజు గంటన్నర క్యూ, శాకాహారులు బేకన్ వద్దని ముందే చెప్పాలి. ఓపిక లేకపోతే హైడ్‌అవేలో పిజ్జా, అది ఇంకా పాతది, 1957. 11 ఆటకి ఒక్క మంచి ఏంటంటే సాయంత్రం ఊరు చూసుకోవచ్చు, నేను చదువుకున్న బిల్డింగు, మేం ఆరుగురం ఉన్న అపార్ట్‌మెంటు అన్నీ చూపించా, అది రాత్రి ఆటకి కుదరదు.

రాత్రి ఆట బాధ వేరే. అంతకు ముందొకసారి నవంబర్‌లో వెళ్ళాం, ఆట అయ్యేసరికి పదకొండు కావస్తోంది, రూము లేదు, హైవే 51 మీద చీకట్లో రెండు జింకలు అడ్డొచ్చాయి, వెనక సీట్లో పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిద్ర, ఫ్రిస్కో చేరేసరికి మూడు దాటింది. స్టేడియం హోరు మాత్రం రాత్రిదే, పొద్దున ఆటకి దాంట్లో సగం కూడా రాదు, అది ఒప్పుకోవాలి. ఇక 2023లో కాన్సస్ స్టేట్‌తో ఆట శుక్రవారం రాత్రి పడింది, లీవు దొరకలేదు, ఇంట్లో కూర్చుని టీవీలో చూశా. వాళ్ళకి కావాల్సింది కూడా అదేనేమో.

అవతలి టీమ్ వాళ్ళ పరిస్థితి ఇంకా ఘోరం. బిగ్ 12లోకి ఇప్పుడు అరిజోనా, యూటా వాళ్ళు కూడా వచ్చారుగా, అరిజోనా వాళ్ళకి ఇక్కడి 11 అంటే ఒంటి గడియారంలో 9. రేపు మనకి ఐపీఎల్‌లో కూడా ఇలా చేస్తే అన్నాడు మా రూమ్మేట్, ఉప్పల్‌లో మే నెల మూడున్నర మ్యాచ్ అయినా సరే షెడ్యూల్లో ముందే రాసి ఉంటుంది కదరా అన్నా. 2023 వరల్డ్ కప్‌లో ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ ఒక్క రోజు ముందుకి జరిపితేనే అహ్మదాబాద్ రూములు బుక్ చేసుకున్నవాళ్ళు ఎంత గోల పెట్టారు, ఇక్కడ ప్రతి శనివారం అదే, ఎవడూ అరవడు, అలవాటైపోయింది.

వచ్చే సీజన్‌కి నేను స్టిల్‌వాటర్‌లో రూము తీసుకోను. 40 నిమిషాల దూరంలో గత్రీ ఉంది, 1910 దాకా ఓక్లహోమా రాజధాని అదే, ఎర్ర ఇటుక బిల్డింగులతో పాత ఊరు అందంగా ఉంటుంది, హైవే పక్కన మోటెళ్ళలో ఆట వారం కూడా 120 లోపే, ముందురోజు సాయంత్రం దాకా కాన్సిల్ చేసుకోవచ్చు. పెర్రీ ఇంకా దగ్గర, కానీ తిండికి ఏమీ దొరకదు. గత్రీలో రెండు రూములు పెట్టేశా. రూమ్మేట్‌కి చెప్పా ఫ్లైట్ అప్పుడే కొనకురా అని. మావయ్య గారు బాపట్ల వెళ్ళిపోయారు, ఆదివారం ఫోన్లలో మాత్రం పిల్లల గురించి అడిగాక అడుగుతుంటారు, "ఆ టీబీఏ తేలిందా బాబూ" అని.