ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్: నాలుగేళ్లు వాడాక

హనుమకొండలోని మా ఇంటికి ఈ మెషీన్ వచ్చి నాలుగేళ్లు దాటింది. ఉతుకు గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. కాలర్లకు ముందుగా కాస్త బ్రష్ తగలాలి, మిగతావి శుభ్రంగానే వస్తాయి. పాత టాప్ లోడ్ కంటే నీళ్లు తక్కువ పడతాయి. అయితే నేను దీన్ని కొన్నది ఆదివారం పొద్దుటి పూట నాకు మిగలాలని. మార్కులు ఆ లెక్కలోనే వేస్తాను.

కాటన్ ఉతుకు రెండు గంటల పైనే నడుస్తుంది. అంతసేపూ మనకు తీరికే అని అమ్మేవాళ్లు ఊరిస్తారు. ఎక్కడి తీరిక? బయటికి వెళ్లి ఆలస్యమైతే తడిబట్టలు డ్రమ్ములోనే ముడతలు పడి, ముక్కిన వాసన వేస్తాయి. అందుకని ఇంట్లోనే కాపలా. ఆరేయడం, తీయడం, మడతపెట్టడం ఎలాగూ మన చేతుల మీదే. నన్ను గట్టెక్కించింది టైమరు. శనివారం రాత్రి బట్టలు నింపి పెడితే తెల్లవారేసరికి ఉతుకు పూర్తవుతుంది. చివరి స్పిన్ చప్పుడే మా అత్తగారికి అలారం! ఆరేయడం మా ఆయన వంతు. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని 2019 జాతీయ సమయ వినియోగ సర్వే తేల్చింది. ఆ తేడాను సరిచేసే బటన్ ఏ మెషీన్‌కూ లేదు, నోరు తెరిచి అడగాల్సిందే.

ఏడింటికల్లా నేను వేయిస్తంభాల గుడిలో ఉంటాను. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనాన్ని కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటున్నాను. భాష సంస్కృతం, లిపి తెలుగు-కన్నడం. ఎండ పక్కవాటుగా పడేటప్పుడు చెక్కిన గీతలు తేటగా కనిపిస్తాయి, కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. కొన్ని వారాలు ఒక్క పంక్తి కూడా పూర్తికాదు.

ఇక లోపాలు. మా బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. వేడినీటి ఉతుకు పెట్టినకొద్దీ అవి హీటరు మీద తెల్లటి పొరగా పేరుకుంటాయి. అప్పుడప్పుడు ఖాళీ డ్రమ్ములో నిమ్మఉప్పు వేసి తిప్పుతాను. తలుపు రబ్బరు మాత్రం మహా చిరాకు. మడత వెనక్కి లాగితే నానిన దారప్పోగులు, పిన్నీసు, మా ఆయన బడి చొక్కాలోంచి జారిన సుద్దముక్క. తుడవకుండా మూసేస్తే నల్లటి బూజు పడుతుంది.

మీ నీళ్ల ట్యాంకు తగినంత ఎత్తులో లేకపోతే ధార చాలక నీళ్లు నిండడమే ఆలస్యమవుతుంది, కొనేముందు చూసుకోండి. ఐదుకు నాలుగు ఇస్తున్నాను. పోయిన మార్కు రబ్బరుదే.